పరామర్శకు మూడు జవాబులు

2024 జూన్ 10, సోమవారం. ఆ మధ్యాహ్నం నేను తిన్నది రెండు జొన్నరొట్టెలు, మామిడికాయ పప్పు. రెండో రొట్టె ఒక పక్క మాడింది. మాడిన ముక్క తుంచి పళ్ళెం అంచున పెడుతుండగా కింద గేటు దగ్గర మహజబీన్ కనిపించింది. ఎదురింట్లోనే ఉంటున్నా నాలుగు నెలల తర్వాత ఆమెను చూడటం అదే మొదలు.

"తినున్రి సార్, తినున్రి. తిన్నంకనే చెప్త" అంటూ పైకొచ్చి మెట్ల మీద కూర్చుంది. ఒళ్ళో ప్లాస్టిక్ కవరు. దాన్ని రెండు చేతులతో అదిమి పట్టుకుంది.

ఆ కవరులో ఉన్నదేమిటో ముందే చెప్పి ఉంటే నాకు ఆ పూట ముద్ద దిగేది కాదు. తన కడుపు మండిపోతున్నా నా పళ్ళెం ఖాళీ అయ్యేదాకా ఆగింది. చెయ్యి కడుక్కుని వచ్చి కుర్చీ వేస్తే కూర్చోలేదు.

మహజబీన్ భర్త ఖాజా ఆటో నడిపేవాడు. నా భార్య సారలమ్మకు చివరి ఏడాది వారానికి రెండుసార్లు డయాలిసిస్. మేముండేది పై అంతస్తులో. ఖాజా ఆమెను కుర్చీతో సహా ఎత్తి దింపేవాడు. ఆ ఏడాదంతా కుర్చీ ఒక్కసారి కూడా గోడకు తగలలేదు. ఆ ఖాజా ఫిబ్రవరి రెండున ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర, ఆటో అడ్డా మీదే గుండె ఆగి పోయాడు. నలభై ఒకటో ఏడు.

భర్త పోతే వాళ్ళలో భార్య ఇద్దత్‌లో కూర్చుంటుంది. నెలవంక లెక్కన నాలుగు నెలల పది రోజులు. గడప దాటదు, అలంకరించుకోదు, పరాయి మగవాళ్ళ ఎదుట పడదు. అందుకే నేనూ వెళ్ళలేదు. వీధిలో వాళ్ళ అత్త ఎదురైతే పలకరించేవాణ్ణి, ఎనిమిదేళ్ళ కూతురు కనిపిస్తే తల నిమిరేవాణ్ణి. రంజాన్ నెల గడిచింది, పండుగ గడిచింది, ఆ ఇంట్లో కొత్త బట్ట విప్పలేదు. జూన్ ఎనిమిదిన ఇద్దత్ ముగిసింది. మధ్యలో ఆదివారం. సోమవారం పొద్దున్నే ఆమె డ్యూటీకి బయలుదేరింది.

నాచారంలో మందుల ప్యాకింగ్ కంపెనీ. ఆమె అక్కడ తొమ్మిదేళ్ళుగా పని చేస్తోంది. నేను అదే కంపెనీలో హాజరు లెక్కలు చూసే టైమ్ ఆఫీసులో ఇరవై తొమ్మిదేళ్ళు గుమస్తాగా చేసి రిటైరయ్యాను. ఆమెను పనిలో పెట్టించింది కూడా నేనే.

"గేటుకాడనే ఆపిన్రు సార్. కార్డు పని చేస్తలేదన్నరు. గీ కాయితం చేతుల పెట్టిన్రు. మా ప్యాకింగ్ల సరితక్క అన్నది, మల్లాపూర్‌ల ఇంకో కంపెనీల ఖాళీ ఉందని. సీదా ఆడికే పోయిన. ఆ మేడమ్ నాతోని మంచిగనే మాట్లాడింది. గీ కాయితం సూసినంక మొఖం మారింది. గీ మాట మీద వేలు పెట్టి, ఇది ఉంటె తీస్కోం, శనివారం లోపల వేరే లెటర్ తెస్తె సూస్తం, లేకుంటె వేరేటోళ్ళని పెట్టుకుంటం అన్నది. దీని మత్లబ్ ఏంది సార్?"

కాగితం తీసుకున్నాను. నాలుగో లైనులో ఉంది ఆ మాట. అబ్‌స్కాండింగ్. ఏప్రిల్ రెండు నుంచి ఆమె పేరు తీసేశారు.

ఆ మాట నేను కొన్ని వందలసార్లు టైపు చేసి ఉంటాను. టీ తాగుతూ నవ్వుకుంటూ వాడేవాళ్ళం. "బాయిలర్ కాడోడు అబ్‌స్కాండ్ అయిండు, ఇంకో చాయ్ తక్కువ చెప్పు" అని.

"చెప్పకుంట పని మానేసిన్రు అని రాసిన్రమ్మా."

"గంతేనా?"

"గంతే."

"గంతేనైతె ఆ మేడమ్ మొఖం గట్ల ఎందుకు మారుద్ది? నేను పదో తర్గతి ఉర్దూ మీడియం సార్, అంగ్రేజీ రాదు. కని మొఖాలు చదువొస్తది. సాఫ్ చెప్పున్రి. ఉర్దూల చెప్పున్రి."

నాకు ఉర్దూ చదవడం మా నాయన నేర్పాడు. ఆయన నిజాం కాలంలో చదువుకున్నవాడు. ఆయన వాడిన ఇంగ్లీషు-ఉర్దూ నిఘంటువు బీరువాలో ఉంది. తీశాను. వేలితో వెతుకుతుంటే నాకే సిగ్గనిపించింది. అన్నేళ్ళు రాసిన మాటకు ఒక్కసారి కూడా అర్థం వెతకలేదు.

"ఫరార్ హోనా" అని చదివాను. "రూపోష్ హోనా. కానూన్ సే బచ్‌కర్ భాగ్ జానా." చట్టానికి చిక్కకుండా పారిపోవడం.

ఆమె కాగితం నా చేతిలోంచి తీసుకుంది.

"మఫ్రూర్" అంది. "ఠాణాల గోడకు ఫోటోలు అంటిస్తరు సూడున్రి, గా మాట. దొంగలకు, ఖూనీలు చేసినోళ్ళకు. నేను ఏడికి భాగిన సార్? కిటికీ కూడ తీయలే. దుప్పట్ట కప్పుకొని నాలుగు గోడల నడుమ కూసున్నదాన్ని మఫ్రూర్ అంటరా? మా ఆయన ఉంటె ఈపాటికి ఆ గేటు ఇరగ్గొట్టి వచ్చెటోడు."

"కంపెనీ నుంచి ఉత్తరాలు రాలేదా? మూడు రావాలె."

"వచ్చినయి. మూడు. జవాబులు కూడ ఇచ్చిన."

నాకు అర్థం కాలేదు. "ఏమని ఇచ్చినవు?"

"శుక్రియా అని." నా ముఖం చూసి ఆగింది. "పుర్సా ఖత్‌లు గద సార్?"

పుర్సా అంటే చావింటి పరామర్శ. మొదటి ఉత్తరం పదో రోజున వచ్చింది, వాళ్ళు దస్వాఁ చేసిన నాడు. రెండోది ఇరవయ్యో రోజున, బీస్వాఁకు. మూడోది నలభయ్యో రోజున, చెహల్లుమ్ నాడు, ఇంట్లో ఫాతెహా చదువుతుండగా వచ్చింది. మంచి కాగితం, పైన కంపెనీ ముద్ర, కింద సంతకం. వాళ్ళ అత్త కళ్ళకు అద్దుకుంది. 'ఇంత పెద్ద కంపెనీ, దినం తప్పకుండా రాసిన్రు' అంది. సరిత ప్రతి ఆదివారం చూసిపోయేది. ఆమెది తెలుగు మీడియం, ఇంగ్లీషు రాదు. 'ముద్ర ఉంది, మంచికే అయ్యుంటది' అంది. మహజబీన్ రాసిన జవాబులు తీసుకెళ్ళి ఆఫీసు కిటికీలో ఇచ్చింది కూడా ఆమే.

"నాకు పంపియ్యకపోయినవా ఆ ఉత్తరాలు, చదివి చెప్పెటోణ్ణి గద."

"పుర్సా ఖత్ ఇంకొకలతోని చదివిస్తరా సార్? ఏం రాస్తరో ఎరుకే గద."

పది, ఇరవై, నలభై. ఆ అంకెలు పెట్టింది నేను. 1996లో. అంతకు ముందు మేనేజరుకు కోపం వస్తే చాలు, పేరు కొట్టేసేవాడు. జ్వరంతో పడుకుని లేచి వచ్చినవాడికి గేటు దగ్గర పని పోయిందని తెలిసేది. అది చూడలేక మూడు ఉత్తరాల పద్ధతి రాసి, సంతకం పెట్టించాను. పదో రోజుకు అందేలా ఒకటి, ఇరవయ్యో రోజు ఒకటి, నలభయ్యో రోజు ఆఖరుది. అంకెలు గుండ్రంగా ఉన్నాయని పెట్టాను. ఆ ఉత్తరాల నమూనా కూడా నేనే టైపు చేశాను, ఆ మాటతో సహా. ఎన్నో ఏళ్ళు దాన్ని నేను చేసిన మంచిపనుల్లో వేసుకున్నాను.

ఆ రోజంతా నాకు కోపం ఎవరి మీదో తేల్చుకోలేకపోయాను. గిన్నెలు తోముతుంటే ఒక గ్లాసు పగిలింది.

మంగళవారం ఇద్దరం కంపెనీకి వెళ్తే హెచ్చార్ మీటింగులో ఉన్నాడన్నారు. బుధవారం వెళ్తే రేపు రమ్మన్నారు. ఒకప్పుడు నన్ను చూసి వాచ్‌మన్ లేచి నిలబడ్డ గేటులోనే రెండు రోజులు ఎండలో నిలబడ్డాం. గురువారం పదకొండింటికి లోపలికి పిలిచారు.

హెచ్చార్ పేరు తేజేష్. భీమవరం వైపు అబ్బాయి, ముప్పై దాటి ఉండవు. మమ్మల్ని కూర్చోబెట్టి, మంచినీళ్ళ సీసా ముందు మహజబీన్‌కు ఇచ్చాడు. అది నేను గమనించాను. మనిషి చెడ్డవాడు కాదు. అందుకే ఇంకా మండింది.

"అంకుల్, మూడు రిజిస్టర్డ్ లెటర్లు పంపామండి. ప్రొసీజర్ ప్రకారమే చేశాం."

"ఆ ప్రొసీజర్ రాసింది నేనే బాబూ."

అతను నవ్వాడు. నేను నవ్వలేదు.

"ఈమె మొగడు పోయిండు. ఇద్దత్‌ల ఉన్నది. ఆ సంగతి ప్యాకింగ్‌ల అందరికి ఎరుకే."

"అందరికీ తెలియడం వేరు, హెచ్చార్‌కి తెలియడం వేరండి. అయినా నేను నెట్‌లో చూశాను. తప్పనిసరైతే పగటిపూట పనికి వెళ్ళొచ్చని వాళ్ళలోనే కొందరు చెబుతున్నారు కదా."

మహజబీన్ సీసా మూత బిగించి బల్ల మీద పెట్టింది.

"నా మొగడు పోయిన దుఃఖం ఎట్ల మొయ్యాల్నో నెట్ల సూసి చెప్తవా బిడ్డా? మీ ఇండ్ల ఎవలన్న పోతె పదకొండు దినాలు అంటరు. మూడు దినాలకే రావచ్చని నెట్ల ఉన్నది, రా అని మేమన్నమా? పోయిన సాల్ మీ తాత పోయిండు. నువ్వు ఊరికి పోయి గుండుతోని వచ్చినవు. ప్యాకింగోళ్ళం అందరం నీకు సలాం చేసి సబర్ చెప్పినం. అప్పుడు నువ్వు మఫ్రూర్ వా?"

"ఏంటమ్మా ఆ మాట?"

"నువ్వు రాసిందే. ఉర్దూల."

తేజేష్ తల వంచుకున్నాడు. సొరుగులోంచి ఒక కాగితం తీసి ఆమె వైపు జరిపాడు. "చూడండమ్మా, నేను చేయగలిగింది ఇదొక్కటే. ఫిబ్రవరి డేటు వేసి సంతకం పెట్టండి. రాజీనామా చేసినట్టు. రిలీవింగ్ లెటర్ ఇప్పుడే, ఇక్కడే ఇచ్చేస్తాను. ఆ మాట ఉండదు. మల్లాపూర్ వాళ్ళు కళ్ళు మూసుకుని తీసుకుంటారు."

గురువారం మధ్యాహ్నం. శనివారం గడువు. నేను ఆమె వైపు తిరిగి, "పెట్టమ్మా. పని అయితది" అన్నాను.

"మీరు గూడనా సార్?"

ఆమె గొంతు పెంచలేదు.

"నేను పారిపోలే. ఇడిసిపెట్టలే. ఆయన పేరు మీద కూసున్న. ఆ నాలుగు నెలలు నేను ఆయనకిచ్చిన ఆఖరి చీజ్. ఫిబ్రవరిల రాజీనామా అంటె, మొగడు సచ్చిన నెలనే కుర్చీ ఏసుకొని నౌకరి గురించి సోచాయించిన అన్నట్టు. ఒక అబద్ధం తుడుస్తానికి ఇంకో అబద్ధమా? నక్కో. ఆ కాయితం నాకొద్దు."

లేచి నిలబడింది. ఆమెను సంతకం పెట్టమన్నది నేను. ఇరవై తొమ్మిదేళ్ళు అదే చేశాను. ఎదుటివాడికి ఏదో ఒక సంతకంతో పని జరిగిపోతే చాలు అనుకునేవాణ్ణి. దాన్నే మెతకదనం అనేవాళ్ళు, మంచితనం అనేవాళ్ళు.

"ఈమె ఫైలు తియ్యి" అన్నాను.

"అంకుల్, అది మీకు చూపించడానికి..."

"తియ్యి బాబూ."

తీశాడు. పైన మూడు ఇంగ్లీషు ఉత్తరాల నకళ్ళు. వాటి వెనక గీతల నోటుపుస్తకంలోంచి చింపిన మూడు కాగితాలు, కుడి నుంచి ఎడమకు పొందికైన రాత. మూడింటి మీద కంపెనీ గుండ్రటి ముద్ర, 'అందినది' అని, తేదీ, నంబరుతో.

"అవి ఏంటో మాకు తెలియలేదండి. అరబిక్ అనుకున్నాం. ఏవో ప్రార్థనలేమో అని..."

"ప్రార్థనలకు నంబరేసి ముద్ర కొట్టిన్రా?"

నేను మొదటి కాగితం చేతిలోకి తీసుకుని, చదువుతూ తెలుగులో చెప్పాను.

"కంపెనీ పెద్దలకు సలాం. నా భర్త పోయిన పదో రోజున మీ ఉత్తరం అందింది. ఇంత దుఃఖంలో మమ్మల్ని గుర్తుపెట్టుకున్నందుకు శుక్రియా. మీ ముద్ర చూసి మా అత్తగారు ఏడ్చింది. నా ఇద్దత్ జూన్ ఎనిమిదిన ముగుస్తుంది. ఆ తర్వాత మొదటి డ్యూటీకి వస్తాను. అప్పటిదాకా నాకు జీతం వద్దు. నా చోటు మాత్రం ఉంచండి."

పక్కనే ఆమెకు వెళ్ళిన ఉత్తరం నకలు ఉంది. ఏడు రోజుల్లోగా హాజరు కాకపోతే మీ మీద చర్య తీసుకోబడును. ఆ వాక్యం నాదే.

రెండో జవాబు చిన్నది. మూడోది ఇలా ఉంది. "మూడోసారి కూడా రాశారు. నలభయ్యో రోజు మా చుట్టాలే సగం మంది రాలేదు. మీ ఉత్తరం వచ్చింది. ఫాతెహా అయ్యాక మీ కంపెనీ కోసం కూడా దువా చేశాం."

కాగితం కింద పెట్టాను. ఇరవై తొమ్మిదేళ్ళు ఆ ఆవరణలో నేను గొంతెత్తింది లేదు. ఆ రోజు అరిచాను. బయట కూర్చున్నవాళ్ళు లేచి అద్దంలోంచి చూశారు.

"ఆ ప్రొసీజర్ల ఏడో పేరా చదువు! ఏమున్నది? ఉద్యోగి నుంచి ఏ జవాబొచ్చినా తర్వాతి ఉత్తరం ఆపాలె, మేనేజర్ ముంగట పెట్టాలె అని లేదా? మూడు జవాబులొచ్చినయి. మూడింటికి ముద్ర కొట్టిన్రు. ఈ బిల్డింగుల మూడొందల మంది ఉన్నరు, అండ్ల అరవై మంది ఇండ్లల్ల ఉర్దూ మాట్లాడుకుంటరు. ఒక్కన్ని పిలిచి ఇదేందిరా అని అడగనీకి నోరు రాలేదా? ఆమె మీకు దువా చేసింది. మీరామెను దొంగను చేసిన్రు!"

"అంకుల్, కూర్చోండి, ప్లీజ్."

"కూసుంటం. పని అయ్యేదాంక ఈడనే కూసుంటం."

హెడ్డాఫీసుకు ఫోన్లు వెళ్ళాయి. భోజనాల బెల్లు మోగింది, షిఫ్టు మారింది. మేం కదల్లేదు. సరిత అద్దం దగ్గరికొచ్చి, మహజబీన్‌కు తన టిఫిన్ డబ్బా చూపించి, అటెండర్‌తో లోపలికి పంపింది. నాలుగున్నరకు తేజేష్ కంప్యూటరు ముందు కూర్చున్నాడు.

"చెప్పండి అంకుల్. సెలవు కారణం ఏమని రాయాలి? ఇద్దత్‌కి ఇంగ్లీషులో ఏమంటారు?"

"ఇద్దత్ అనే రాయి."

"మల్లాపూర్ వాళ్ళకి అర్థం కాదేమోనండి."

"కాకుంటె అడుగుతరు. మీ మాటకు మత్లబ్ ఈమె మెట్ల మీద కూసొని అడుక్కుంటె తెలిసింది. ఈమె మాటకు మత్లబ్ వాళ్ళు అడుగుతె ఏం పోతది?"

రాశాడు. ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు, ముందుగా తెలియజేసి, భర్త మరణానంతరం ఇద్దత్ సెలవులో ఉన్నారు. వారి పని, నడవడి మంచివి. పాత ఉత్తరం రద్దు చేయడమైనది. సంతకం పెట్టి, ముద్ర వేసి ఇచ్చాడు.

"మరి నా చోటు?" అంది మహజబీన్.

"ఏప్రిల్‌లోనే వేరేవాళ్ళని తీసుకున్నామమ్మా." కొంచెం ఆగి, నా వైపు చూడకుండా అన్నాడు. "సిస్టమ్‌లో కూడా ఆ మాట వెంటనే పోదండి. మెయిల్ పెడతాను. వాళ్ళు మారిస్తేనే."

అంటే ఎక్కడో ఒక యంత్రంలో ఆమె పేరు పక్కన ఆ మాట అలాగే ఉంది. ఇది రాస్తున్న ఈ రోజు కూడా ఉందో లేదో నాకు తెలియదు. రెండుసార్లు ఫోను చేశాను. చూస్తున్నామన్నారు.

తిరిగి వచ్చేటప్పుడు షేర్ ఆటో ఎక్కాం. హబ్సిగూడ సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఆమె అడిగింది.

"మీరు ఎంతమందికి రాసిన్రు సార్, గా మాట?"

"యాదికి లేదమ్మా. శానామందికి."

"అండ్ల ఎవలన్న జవాబిస్తె సదివిన్రా?"

"వస్తె సదివిన. రానోళ్ళే ఎక్కువ."

"ఎందుకు రాలేదో ఎవల్నన్న అడిగిన్రా?"

అడగలేదు. ఒక ఫిట్టర్ గుర్తొచ్చాడు. మౌలాలి నుంచి సైకిలు మీద వచ్చేవాడు, వర్షాకాలంలో మానేశాడు. మూడు ఉత్తరాలు పంపి, ఆ మాట కొట్టి, ఫైలు కట్టేశాను. సైకిలు మీద పావుగంట దూరం.

"లేదు" అన్నాను.

ఆమె బయటికి చూస్తూ తల ఊపింది. "మీరు మంచోళ్ళే సార్. మీరు లేకుంటె గీ కాయితం రాకపోతుండె. గని రాసిన్రు గద."

ఉప్పల్‌లో దిగాక, నా మోకాలు పట్టేసిందని చూసి, వీధి మలుపు దాకా నెమ్మదిగా నడిచింది.

శుక్రవారం మల్లాపూర్ వెళ్ళింది. ఆ మేడమ్ కాగితం రెండుసార్లు చదివి, ఇద్దత్ అంటే ఏమిటని అడిగిందట. మహజబీన్ చెప్పింది. మేడమ్ 'సోమవారం మీకు బక్రీద్ కదా, మంగళవారం వచ్చెయ్యండి' అందట. ఈ కబురు వీధిలో నిలబడే చెప్పింది. లోపలికి రాలేదు.

ఆ సాయంత్రం నేను పైన వసారాలో కూర్చుని ఒక ఉత్తరం మొదలుపెట్టాను. కంపెనీకే. ఆ నమూనా రాసినవాడిగా, ఆ మాట అందులోంచి తీసేయమని, ఉత్తరం పంపేముందు ఒక మనిషిని ఇంటికి పంపమని. రాయడం, కొట్టేయడం. మెత్తగా రాసిన ప్రతి వాక్యాన్నీ కొట్టేశాను.

ఇరుకు సందుకు అటు, ఎదురింట్లో తెరిచిన తలుపు దగ్గర దీపం వెలుతురులో అత్తాకోడళ్ళు కూర్చుని ఉన్నారు. పిల్ల అప్పటికే నిద్రపోయింది. మహజబీన్ ఆ కాగితం మీద ఇద్దత్ అని రాసిన చోట వేలు పెట్టి చూపిస్తోంది.

"యహాఁ. యహాఁ లిఖ్ఖే ఇద్దత్."

"అంగ్రేజీ మేఁ?"

"హౌ అమ్మీ, అంగ్రేజీ మేఁ."

ముసలామె కళ్ళజోడు పెట్టుకుని, ఆ గీతలను చాలాసేపు చూసింది. ఆమెకు ఏ భాషా చదవడం రాదు. చూసి, మడిచి, కోడలి చేతికి ఇచ్చి, అక్కడే చాప మీద ఒరిగింది. మహజబీన్ ఆమె మీద దుప్పటి సర్ది, దీపం తీసేసి, రెక్క చప్పుడు కాకుండా చేత్తో పట్టుకుని నెమ్మదిగా తలుపు వేసుకుంది.